బ్యాగ్ పోయాక మా గంటలు ఎటు పోయాయి: ఒక ఎఫ్‌ఆర్‌సీ జట్టు డైరీ, 2019–2025

డాలస్ శివార్లలో ఒక హైస్కూల్ రోబోటిక్స్ జట్టుకి నేను మెకానికల్ మెంటర్ని. మేం ఆడేది ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్, అందరూ ఎఫ్‌ఆర్‌సీ అంటారు. హైస్కూల్ జట్లు ఏటా ఒక కొత్త ఆటకి రోబో కట్టి పోటీపడతాయి. ముందు సుమారు ఆరు వారాలకి రోబోని సంచిలో పెట్టి మూసేయాలన్న నియమం ఉండేది, దాన్నే బ్యాగ్ అంటున్నాను. 2020 నుంచి ఆ నియమం లేదు, పోటీ దాకా పనిచేసుకోవచ్చు. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఇలాంటి జట్లలో ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "సీజన్ పొడిగించారు కదా, పిల్లల మీద ఒత్తిడి తగ్గిందా?"

నోటిమాటగా జవాబు చెప్పడం ఇష్టంలేక లెక్కలు రాయడం మొదలుపెట్టాను. షాపు ఎన్ని గంటలు తెరిచి ఉంది, ఎంత ఖర్చయింది, వేసవి దాటాక ఎవరు తిరిగొచ్చారు అన్న మూడూ ఏటా రాశాను. మీ జట్టుకి పనికొస్తే ఈ పద్ధతి తీసుకోండి. మేం పోగొట్టుకున్న శనివారాలు మాత్రం మీరు పోగొట్టుకోకండి.

లెక్క ఇలా కట్టాను:

1. షాపు గంటలంటే తాళం తీసినప్పటి నుంచి వేసేదాకా. పోటీ రోజులు కలపలేదు.
2. ఖర్చంటే రోబో భాగాలు, పదార్థం, షిప్పింగ్. రిజిస్ట్రేషన్ ఫీజు, ప్రయాణాలు కలపలేదు.
3. తిరిగొచ్చినవాళ్ళంటే, సీనియర్లు (స్కూల్లో చివరి ఏడు చదివేవాళ్ళు) పోగా మిగిలినవాళ్ళలో ఆగస్టు రెండో మీటింగ్‌కి వచ్చినవాళ్ళు. మొదటి మీటింగ్‌కి స్నేహితుల కోసం కూడా వస్తారు, అందుకే రెండోది.

దశ 1: బ్యాగ్ ఉన్న చివరి ఏడు, 2019

కొత్తవాళ్ళ కోసం పాత పద్ధతి చెప్తాను. జనవరి మొదటి శనివారం కిక్‌ఆఫ్. ఆ రోజే ఆ ఏటి ఆట ఏమిటో తెలుస్తుంది. అప్పటి నుంచి సుమారు ఆరు వారాలు. ఆ గడువు రోజున అర్ధరాత్రిలోగా రోబోని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టి, నంబరున్న ట్యాగ్‌తో మూతి బిగించి, ఫారం మీద సంతకం పెట్టాలి. 2019లో కిక్‌ఆఫ్ జనవరి 5న, గడువు ఫిబ్రవరి 19న. టెక్సస్ అదే ఏడు డిస్ట్రిక్ట్ పద్ధతిలోకి, అంటే దగ్గర్లోని చిన్న పోటీల్లో పాయింట్లు కూడబెట్టుకుని జిల్లా ఛాంపియన్‌షిప్‌కి వెళ్ళే పద్ధతిలోకి మారింది కాబట్టి రెండు రోజుల పోటీ ప్రతిదానికీ ముందు 6 గంటలు సంచి విప్పుకోనిచ్చేవాళ్ళు. విడిగా తయారుచేసిన భాగాలు 30 పౌండ్ల వరకు పోటీకి తీసుకెళ్ళొచ్చు.

పేరుకి ఆరు వారాలే. కానీ రోబో సంచిలోకి వెళ్ళిపోతే డ్రైవర్లు దేనిమీద సాధన చేస్తారు? కోడ్ దేనిమీద పరీక్షిస్తారు? అందుకని డబ్బున్న జట్లన్నీ రెండో రోబో కట్టేవి. మేమూ కట్టాం. ప్రతి మోటారూ రెండు, ప్రతి కంట్రోలరూ రెండు. ప్రతి ప్లేటూ రెండుసార్లు కోయాలి, ప్రతి రంధ్రం రెండుసార్లు వేయాలి.

ఆ ఏటి పొరపాటు ఒకటి రాసి పెట్టుకోండి. రెండు రోబోలు ఒకేలా ఉంటాయనుకున్నాం, ఉండలేదు. ఆ ఏటి ఆటలో వాడే గుండ్రటి హ్యాచ్ ప్యానెళ్ళు పట్టుకునే యంత్రాన్ని ప్రాక్టీస్ రోబో మీద ఐదు వారాల్లో నాలుగుసార్లు సర్దాం. సంచిలో ఉన్నదానికి ఆ మార్పులు చేయడానికి మాకున్నది 6 గంటలు. అందులో 4 గంటలు బ్రాకెట్ రంధ్రాలు కలవకపోవడంతోనే పోయాయి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే అడుగు ప్లేటులో రెండు రోబోలకీ మధ్య 3 మిల్లీమీటర్ల తేడా. ఒకదాన్ని ఉదయం బ్యాచ్ కోసింది, రెండోదాన్ని రాత్రి పదకొండింటికి అలసిపోయిన పిల్లలు కోశారు.

2019 మొత్తం:
- గడువు దాకా షాపు గంటలు: 214
- తర్వాత ప్రాక్టీస్ రోబో మీద 60, సంచి విప్పిన 12. మొత్తం 286
- ఖర్చు: పోటీ రోబో 4,100 డాలర్లు, ప్రాక్టీస్ రోబో 2,650. మొత్తం 6,750
- పిల్లలు 28 మంది, సీనియర్లు 9. మిగిలిన 19లో తిరిగొచ్చినవాళ్ళు 13
- మెంటర్లు 6

214 గంటలు ఆరున్నర వారాల్లో. వారానికి దాదాపు 33. స్కూలు, హోంవర్కు అయ్యాక. చివరి వారం ఒక తల్లి పార్కింగ్‌లో నన్ను ఆపి, "అన్నయ్యా, వీడు మూడు రోజుల నుంచి ఇంట్లో అన్నం తినలేదు" అంది. నాలుగు టిఫిన్ డబ్బాల నిండా పులిహోర తెచ్చింది, అందరికీ. ఆ మాట అప్పుడు కృతజ్ఞతగా విన్నాను. అది ఫిర్యాదని ఆలస్యంగా అర్థమైంది.

దశ 2: 2020, లెక్కకి రాని ఏడు

2020 సీజన్ నుంచి బ్యాగ్ తీసేశారు. కిక్‌ఆఫ్ జనవరి 4న. మార్చి 12న కోవిడ్ వల్ల సీజన్ మొత్తం ఆపేశారు. ఆ లోపు మా షాపు గంటలు 262. తిరిగొచ్చినవాళ్ళ లెక్క ఆ ఏడు కట్టడంలో అర్థం లేదు. 2021లో మామూలు పోటీలు జరగలేదు. 2022లో సగం జట్టుకి డ్రిల్ ప్రెస్ ఎలా వాడాలో మొదటి నుంచి నేర్పాం. ఈ మూడేళ్ళనీ పోలికలోంచి తీసేశాను.

ఒక్క విషయం మాత్రం 2020లోనే తేలింది: రెండో రోబో అక్కర్లేకపోయింది. మాలాంటి మధ్యస్థ జట్టుకి అది పెద్ద ఊరట. ప్రాక్టీస్ రోబో కట్టలేని చిన్న జట్లకి ఇంకా పెద్దది. బ్యాగ్ తీసేయడం తప్పని నేను ఎక్కడా అనను.

దశ 3: 2023, "ఇంకా టైముంది కదా"

కిక్‌ఆఫ్ జనవరి 7. ఆ ఏటి ఆట ఛార్జ్డ్ అప్: పసుపు కోన్లు ఎత్తి కడ్డీల మీద, ఊదారంగు క్యూబులు ఎత్తి అరల్లో పెట్టాలి. మొదటి పోటీ మార్చి మధ్యలో. చేతిలో తొమ్మిది వారాలకి పైనే.

పొడుగ్గా సాగే చేయి కట్టాం. అసలు కథ ఆ చేయిదే.

మొదటి చేయి, ఫిబ్రవరి రెండో వారం. ఒకదాంట్లో ఒకటి జారే అల్యూమినియం గొట్టాలు. సాగినప్పుడు కొన దగ్గర రెండున్నర అంగుళాలు వాలింది. గొట్టాల మధ్య వదులు ఎక్కువ. ప్లాస్టిక్ ప్యాడ్లు వేసి బిగించి ఉంటే ఆ వాలు సగానికి పైగా తగ్గేది. అది రెండు సాయంత్రాల పని. కానీ ఎవరో "మళ్ళీ డిజైన్ చేద్దాం, ఇంకా టైముంది కదా" అన్నారు. ఆ ఎవరో నేనే.

రెండో చేయి, ఫిబ్రవరి చివర. వాలు తగ్గింది, బరువు పెరిగింది. అప్పటికి రోబో 128 పౌండ్లు. బంపర్లు, బ్యాటరీ కాకుండా పరిమితి 125. మూడు పౌండ్ల కోసం ప్లేట్లలో రంధ్రాలు వేస్తూ రెండు శనివారాలు గడిపాం.

మూడో చేయి, మార్చి 10. పోటీకి కొన్ని రోజుల ముందు. డ్రైవర్ సాధన సున్నా గంటలు.

పోటీలో రెండో మ్యాచ్‌లో చేయి కోన్‌ని కడ్డీ మీద కాకుండా దానికి కింద పెట్టింది. తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే. పిట్‌లోకి, అంటే పోటీలో మా రోబో బాగుచేసుకునే చోటికి తెచ్చి కొలిచాం:

1. చేయి తిప్పేది 25 నంబరు చైన్. చైన్ ఎక్కే పళ్ళచక్రాన్ని స్ప్రాకెట్ అంటారు. చిన్న స్ప్రాకెట్‌కి 16 పళ్ళు, చేయి దగ్గర పెద్దదానికి 48.
2. 48 పళ్ళ స్ప్రాకెట్ మీద ఒక పన్ను జారితే చేయి 7.5 డిగ్రీలు తప్పుతుంది. మాది రెండు పళ్ళు జారింది, 15 డిగ్రీలు.
3. కోణం కొలిచే ఎన్‌కోడర్ని మోటారు వైపు పెట్టాం. చైన్ జారిన సంగతి దానికి తెలియదు. మోటారు సరిగ్గానే తిరిగిందని చెప్తూ ఉంది.

మార్చినవి: చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ పెట్టాం. అబ్సల్యూట్ ఎన్‌కోడర్ని చేయి తిరిగే ఇరుసు మీదకే తెచ్చాం. రెండో పోటీకల్లా 35 నంబరు చైన్ వేశాం. దాని పిచ్, అంటే లింకుల మధ్య దూరం, 3/8 అంగుళం, 25దైతే పావు అంగుళం. మీరు చేయి కడుతుంటే ఎన్‌కోడర్ని మొదటి రోజే ఇరుసు మీద పెట్టండి. మా మూడు చేతుల్లో ఏదీ డిజైన్ వల్ల ఓడలేదు. ఈ ఒక్క పొరపాటు మూడింటిలోనూ ఉంది. దేన్నీ తగినంతసేపు నడపలేదు కాబట్టి పోటీ దాకా బయటపడలేదు.

2023 మొత్తం:
- మొదటి ఆరు వారాలు (ఫిబ్రవరి 18 దాకా): 178 గంటలు
- ఆ తర్వాత: 193. మొత్తం 371
- ఖర్చు: రోబో 5,300 డాలర్లు, తిరగకట్టడానికి అర్జెంటు షిప్పింగ్‌తో కలిపి 1,480. మొత్తం 6,780
- పిల్లలు 34 మంది, సీనియర్లు 10. మిగిలిన 24లో తిరిగొచ్చినవాళ్ళు 12
- మెంటర్లు జనవరిలో 7, జూన్‌లో 4

ఈ అంకెలు వరసగా రాశాక చాలాసేపు కాగితం ముందే కూర్చున్నాను. 2019లో 6,750 డాలర్లు, 2023లో 6,780. రెండో రోబో లేకుండానే అంతే ఖర్చు. మిగిలిన డబ్బులో సగానికి పైగా తిరగకట్టడంలో, మిగతాది రోబో ఖరీదు పెరగడంలో పోయింది. గంటలైతే 286 నుంచి 371కి పెరిగాయి. మేం జిల్లా ఛాంపియన్‌షిప్‌కి అర్హత సాధించాం, అది నిజమే. కానీ సగం మంది పిల్లలు తిరిగి రాలేదు.

మానేసిన మెంటర్లలో ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకాయన ఎలక్ట్రికల్ చూసేవాడు, ఆరేళ్ళుగా ఉన్నాడు. "ముందు ఫిబ్రవరి ఇరవై అంటే మా ఇంట్లో క్యాలెండర్ మీద గుండ్రంగా గీసేవాళ్ళం. ఆ రోజు దాకా ఇంట్లోవాళ్ళు ఓర్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఏ రోజు గీయమంటావు?" అన్నాడు. బ్యాగ్ రోబోకే కాదు, మా కుటుంబాలకీ గడువే. దాన్ని తీసేసినప్పుడు దాని స్థానంలో మేం ఏదీ పెట్టుకోలేదు.

దశ 4: 2024, మా గడువు మేమే పెట్టుకున్నాం

2023 శరదృతువులో మిగిలిన నలుగురు మెంటర్లు, కొత్తగా చేరిన ఒకావిడ, పిల్లల కెప్టెన్లు కూర్చుని రాసిన నియమాలు:

1. షాపు మంగళ, బుధ, గురువారాలు సాయంత్రం 5:30 నుంచి 8:30. శనివారం 9 నుంచి 4. వారానికి 16 గంటలు. ఆదివారం తాళం.
2. ఒక విద్యార్థికి వారానికి గరిష్ఠం 12 గంటలు, మెంటర్‌కి 10. తలుపు దగ్గర షీటులో సంతకం.
3. ఫిబ్రవరి 17, శనివారం సాయంత్రం 4 గంటలకి మా గడువు. ఆ తర్వాత కొత్త యంత్రం ఏదీ రోబో మీదకి ఎక్కదు. విరిగింది బాగుచేయొచ్చు, కొలిచి చూపించిన లోపం సరిదిద్దొచ్చు. మిగిలిన సమయం నడపడానికే.
4. మొదటి పోటీ అయ్యాక ఒక వారం పూర్తిగా సెలవు.

మూడో నియమం మీద ఎక్కువ వాదన జరిగింది. పై జట్లు మార్చిలో కూడా మార్చుకుంటూ ఉంటాయి, మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా అని కెప్టెన్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఒక్క ఏడు ప్రయత్నిద్దాం, లెక్కలు చూసి తీసేద్దాం అన్న ఒప్పందం మీద సంతకం పెట్టాడు.

వారం 1, 2 (జనవరి 6–20)

ఆట క్రెసెండో. రెండు అంగుళాల మందమున్న నారింజ రంగు ఫోమ్ రింగుల్ని నేల మీంచి తీసుకుని ఆరడుగుల పైన ఉన్న స్పీకర్‌లోకి విసరాలి. ఇంకా రింగులు వేసే మరో రెండు చోట్లు ఆంప్, ట్రాప్, చివర్లో గొలుసుకి వేలాడటం.

జనవరి 15 సోమవారం సంక్రాంతి. ఆ రోజే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కూడా. గత ఏళ్ళలో అలాంటి సెలవు దొరికితే పొద్దున్నే షాపు తెరిచేవాళ్ళం. ఈసారి తెరవలేదు. ఇన్నేళ్ళ మెంటర్ పనిలో సంక్రాంతి రోజు నేను ఇంట్లో ఉన్నది ఇదే మొదటిసారి.

ప్లైవుడ్‌తో షూటర్ నమూనా కట్టాం. కోణం మారే చేయా, కదలని షూటరా అన్నది తేలలేదు.

ఇప్పటివరకు: 35 గంటలు, 1,920 డాలర్లు.

వారం 3, 4 (జనవరి 21–ఫిబ్రవరి 3)

రింగుని నేల మీంచి లోపలికి లాగే ఇన్‌టేక్ పక్క ప్లేట్లు పావు అంగుళం పాలీకార్బనేట్. అల్యూమినియం అయితే గుద్దుకున్నప్పుడు వంగిపోయి అలాగే ఉండిపోతుంది, పాలీకార్బనేట్ వంగి తిరిగొస్తుంది. ఎంపిక సరైనదే. గురువారం బోల్టులు వదులవుతున్నాయని ఒక విద్యార్థి చాలా శ్రద్ధగా అన్నిటికీ థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) పూసి బిగించాడు. శనివారం ఉదయం చూస్తే ఆరు రంధ్రాల్లో నాలుగింటి చుట్టూ వెంట్రుకల్లా పగుళ్ళు. థ్రెడ్‌లాకర్ పాలీకార్బనేట్‌ని తినేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి చెప్పలేదు. తప్పు నాది.

1. ప్లేట్లు మళ్ళీ కోశాం: 38 డాలర్లు, 4 గంటలు.
2. పాలీకార్బనేట్ మీద ఎక్కడైనా నైలాక్ నట్టులే (లోపలి నైలాన్ వలయం వల్ల జిగురు లేకుండానే వదులు కానివి).
3. థ్రెడ్‌లాకర్ సీసా మీద ఎర్ర టేపు చుట్టి "లోహానికి మాత్రమే" అని రాశాం.

ఇప్పటివరకు: 67 గంటలు, 2,840 డాలర్లు.

వారం 5, 6 (ఫిబ్రవరి 4–17)

కోణం మారే చేయి కాగితం మీద అందంగా ఉంది. గడువుకి పదకొండు రోజులుంది. 2023లో అయితే కట్టేవాళ్ళం. ఫిబ్రవరి 6న దాన్ని వదిలేశాం. షూటర్ కదలదు, రోబోయే స్పీకర్ దగ్గరికి వెళ్ళి ఆనుకుని విసురుతుంది. ట్రాప్ కూడా వదిలేశాం. ఆ సాయంత్రం చేయి డిజైన్ చేసిన అమ్మాయి ఎవరితోనూ మాట్లాడలేదు. మూడు వారాల పని అది. మర్నాడు ఆ డ్రాయింగు ప్రింటు తీసి గోడకి అంటించాం, వచ్చే శరదృతువులో దాన్ని శిక్షణ ప్రాజెక్టుగా కడతామని మాటిచ్చాం. ఆ మాట నిలబెట్టుకున్నాం. గడువు పెడితే ఇలాంటి మాటలు కూడా పెట్టుకోవాలి. లేకపోతే పనిని చెత్తబుట్టలో వేసినట్టు పిల్లలకి అనిపిస్తుంది.

ఫిబ్రవరి 15న మొదటి కొలత: 20 విసుర్లలో 11 లోపలికి వెళ్ళాయి.

కారణం వెతికిన వరస:

1. రోలర్ల మధ్య ఖాళీ 1.25 అంగుళాలు. రెండు అంగుళాల రింగుని అంత నొక్కితే మధ్యలో ఇరుక్కుంటోంది, మోటారు కరెంటు పెరుగుతోంది.
2. బోల్టు రంధ్రాల్ని పొడుగు గాడులుగా మార్చి ఖాళీ 1.5కి పెంచాం. 20లో 14.
3. చక్రాలు పూర్తి వేగం అందుకోకముందే రింగుని లోపలికి తోస్తున్నాం. వేగం లక్ష్యాన్ని చేరాకే తోయమని కోడ్ మార్చాం. 20లో 17.
4. మిగిలిన మూడూ బ్యాటరీ 12 వోల్టుల కిందకి పడ్డాక వచ్చినవే. అప్పటి నుంచి ప్రతి పరీక్ష పక్కన బ్యాటరీ వోల్టేజి రాస్తున్నాం. మొదటి కొలతలో రాయలేదు కాబట్టి ఆ 11లో బ్యాటరీ వాటా ఎంతో ఇక ఎప్పటికీ తేలదు.

ఫిబ్రవరి 17 మధ్యాహ్నం మూడున్నర. రోబో నడుస్తోంది, రింగు తీసుకుంటోంది, విసురుతోంది. గొలుసుకి వేలాడే యంత్రం బిగించాం కానీ బరువు ఎత్తి చూడలేదు. "అంకుల్, రేపు ఒక్క నాలుగు గంటలు తెరవండి, మేమే తాళం వేస్తాం" అన్నారు ముగ్గురు. చాలా కష్టంగా కాదన్నాను. అది అప్పటికే రోబో మీద ఉంది కాబట్టి నియమం ప్రకారం మంగళవారం పరీక్షించొచ్చు. మంగళవారం పరీక్షించాం, వించ్ తాడు ఒక్క లాగుకే తెగింది. ఆదివారం తెరిచినా మంగళవారమే కొత్త తాడు వచ్చేది.

ఇప్పటివరకు: 101 గంటలు, 3,310 డాలర్లు. 2023లో ఇదే సమయానికి 178 గంటలు.

ఫిబ్రవరి 24: షీటు చెప్పని గంటలు

ఈ భాగం అన్నిటికన్నా జాగ్రత్తగా చదవండి.

సంతకాల షీటు ప్రకారం అందరూ 12 గంటల లోపే ఉన్నారు. గర్వంగా ఉంది. ఆ శనివారం ఒక కోడ్ మార్పు ఎప్పుడు జరిగిందో వెతుకుతూ, మార్పులన్నీ సమయంతో సహా నమోదయ్యే కోడ్ రిపాజిటరీ తెరిచాను. ఒక మార్పు రాత్రి 1:40కి చేరింది. బుధవారం రాత్రి, మర్నాడు స్కూలుంది. కిక్‌ఆఫ్ నుంచి రాత్రి 11 దాటాక చేరిన మార్పులు లెక్కపెడితే 46. అందులో 31 ఒకే అమ్మాయివి.

షాపు మూస్తే పని ఇంటికెళ్ళింది. చైన్, స్ప్రాకెట్ ఇంటికెళ్ళలేవు, కోడ్ వెళ్తుంది. డిజైన్ ఫైళ్ళూ వెళ్తాయి. మేం పెట్టిన నియమం మెకానికల్ పిల్లల్ని కాపాడింది, ప్రోగ్రామర్లని ఇంకా ఒంటరిని చేసింది. షాపులో అయితే కనీసం పక్కన ఎవరైనా ఉంటారు.

ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను. తిట్టలేదు. షాపులో రోబో ఎప్పుడూ మెకానికల్ వాళ్ళ చేతుల్లోనే ఉంటోందని, తనకి శనివారం చివరి అరగంట మాత్రమే దొరుకుతోందని చెప్పింది. అందుకే ముందే అన్ని రకాలుగా రాసి పెట్టుకుంటోంది, ఆ అరగంటలో ఏదో ఒకటి పనిచేస్తుందని. అది ఆ పిల్ల తప్పు కాదు, మా టైమ్‌టేబుల్ తప్పు.

మార్చినవి:

1. మంగళవారం మూడు గంటలూ రోబో ప్రోగ్రామర్లదే. స్పానర్ ముట్టుకోకూడదు.
2. రాత్రి 10 దాటాక చేరిన కోడ్‌ని ఆ వారం రోబో మీదకి ఎక్కించం. దాన్ని వచ్చే మంగళవారమే చూస్తాం.
3. షీటులో కొత్త గడి: "ఇంటి దగ్గర గంటలు". ఎవరికి వాళ్ళు రాసుకుంటారు, ఎవరూ ప్రశ్నించరు. కానీ 12లో అవీ కలుస్తాయి.
4. రెండో ప్రోగ్రామర్‌కి కోడ్ చదవడం నేర్పే పని మొదటి ప్రోగ్రామర్‌కే ఇచ్చాం, షాపు సమయంలోనే.

తర్వాతి ఐదు వారాల్లో రాత్రి 11 దాటిన మార్పులు 5.

పోటీలు

మొదటి పోటీ మార్చి మొదట్లో. 40 లోపు జట్లలో 27వ స్థానం. రోబో ఒక్క మ్యాచ్‌లోనూ ఆగిపోలేదు. కానీ దూరం నుంచి విసిరే జట్ల ముందు, ఆనుకుని విసిరే మా రోబో నెమ్మదిగా అనిపించింది. పిల్లలు దిగులుపడ్డారు. నాకూ బాధగానే ఉంది. ఆ డ్రాయింగు గోడ మీద ఉంది, దాన్ని కట్టి ఉంటే అన్న ఆలోచన రాకుండా ఎలా ఉంటుంది?

ఒక వారం సెలవు. ఇద్దరు పిల్లలు అలవాటుగా షాపు దాకా వచ్చి తాళం చూసి వెళ్ళారట.

తర్వాత కొలతలతో పని. మ్యాచ్ వీడియోలు చూసి లెక్కపెట్టాం: రింగు తీసుకోవడానికి సగటున 6 సెకన్లు పడుతోంది. విసరడం 2 సెకన్లే. అంటే షూటర్ మా సమస్య కాదు, రింగుని వెతికి తీసుకోవడమే. ఇన్‌టేక్ కెమెరా కోణం తగ్గించాం, డ్రైవర్ల చేత 9 గంటలు అదే పని చేయించాం. 6 సెకన్లు 3.5కి దిగింది.

మార్చి చివర రెండో పోటీ: 11వ స్థానం. ప్లేఆఫ్స్‌కి జట్లు కూటములుగా కలుస్తాయి, అలాంటి ఒక అలయన్స్ మమ్మల్ని ఎంచుకుంది. ప్లేఆఫ్స్‌లో ఓడిపోయాం. జిల్లా ఛాంపియన్‌షిప్‌కి పాయింట్లు చాలలేదు.

2024 మొత్తం:
- షాపు గంటలు: గడువు దాకా 101, మొదటి పోటీ దాకా 147, చివరికి 188
- ఖర్చు: 3,870 డాలర్లు
- పిల్లలు 30 మంది, సీనియర్లు 8. మిగిలిన 22లో తిరిగొచ్చినవాళ్ళు 18
- మెంటర్లు జనవరిలో 5, ఆగస్టులో 6. ఆ ఆరో మనిషి క్యాలెండర్ మాట చెప్పిన మా పాత ఎలక్ట్రికల్ మెంటర్

ఛాంపియన్‌షిప్ పోయింది, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఆ ఏడు సీనియర్లుగా ఉన్న ఎనిమిది మందికి మరో అవకాశం లేదు. నియమాల మీద వాదించిన కెప్టెన్ వాళ్ళలో ఒకడు. ఏప్రిల్‌లో వాణ్ణి అడిగాను, ఒప్పందం ప్రకారం తీసేద్దామా అని. మూడు నియమాలు అలాగే ఉంచండి, పన్నెండు గంటల పరిమితి మాత్రం సీనియర్లకి చివరి రెండు వారాలు పద్నాలుగు చేయండి అన్నాడు. చేశాం.

మా ఒక్క జట్టు అనుభవం నుంచి నాకు నిలిచింది ఇది: బ్యాగ్ తీసేయడం డబ్బు విషయంలో మేలే, ఆ మిగిలిన డబ్బుని తిరగకట్టడంలో తగలేయకపోతే. మనుషుల విషయంలో పొడుగు సీజన్ దానంతటది ఏమీ చేయదు. పన్నెండు వారాలకి వారానికి పదహారు గంటలు ఒకటి, వారానికి ముప్పై గంటలు ఇంకొకటి. బయటివాళ్ళు గడువు పెట్టనప్పుడు జట్టే పెట్టుకోవాలి, అదీ కిక్‌ఆఫ్ కంటే ముందు, పిల్లల సంతకంతో. జనవరిలో ఆట చూశాక ఏ గడువూ ఎవరికీ న్యాయంగా కనిపించదు.

దశ 5: 2025, మార్చినవి

కిక్‌ఆఫ్ జనవరి 4. ఆట రీఫ్‌స్కేప్, గొట్టాల్లాంటి కోరల్ ముక్కల్ని ఎత్తైన కొమ్మల మీద పెట్టాలి. ఎలివేటర్ తప్పదు. ఎలివేటర్ గురించి విడిగా రాయాల్సినంత ఉంది. ఇక్కడికి ఒక్క ముక్క: రెండు వైపులా తాడు బిగువు సమానంగా లేక పైకీ కిందకీ జారే క్యారేజ్ ఒక పక్కకి పట్టేసింది, స్ప్రింగ్ తూకంతో కొలిచి రెండు వైపులా సమానం చేశాక వదిలింది.

1. వారానికి 16 గంటలు 17 చేశాం. శనివారం ఒక గంట అదనం, పూర్తిగా షాపు శుభ్రం చేయడానికి. దాన్ని 2024లో లెక్కలో వేయలేదు, మెంటర్లే రాత్రిళ్ళు ఊడ్చేవాళ్ళు.
2. మా గడువు ఫిబ్రవరి 15. ఒక మినహాయింపు: గడువుకి ముందే రంధ్రాలు, వైర్లు సిద్ధంచేసి ఖాళీగా ఉంచిన చోట ఒకే ఒక యంత్రాన్ని తర్వాత బిగించొచ్చు. వేలాడే యంత్రం ఆ దారిలో వచ్చింది.
3. ఇంటి గంటల గడి మొదటి రోజు నుంచే ఉంది.

2025 మొత్తం: 203 గంటలు, 4,210 డాలర్లు. సీనియర్లు పోగా 21లో తిరిగొచ్చినవాళ్ళు 17. మెంటర్లు 6, అలాగే 6.

ఇంకా సరిగ్గా రానిది మెంటర్ల 10 గంటలు. పిల్లల షీటు పక్కన మా షీటు కూడా ఉంది కానీ భాగాలు తేవడానికి డ్రైవింగ్, రాత్రి ఈమెయిళ్ళు, స్పాన్సర్ల దగ్గరికి తిరగడం అందులో పడట్లేదు. ఫిబ్రవరి మూడో వారం నా గంటలు అవన్నీ కలిపి రాసి చూస్తే 19. వచ్చే సీజన్‌కి భాగాలు తెచ్చే పని ఇద్దరు తల్లిదండ్రులకి అప్పజెప్పాం, ఈమెయిళ్ళు ఒక సోఫమోర్‌కి (పదో తరగతి విద్యార్థికి), ఒక టీచర్ సాయంతో. ఆ గడి కూడా ఈసారి మొదటి రోజు నుంచే షీటులో ఉంటుంది.